రత్తమ్మ పెద్దమ్మ కోయని కొమ్మ

గోరువెచ్చని నూనెలో జాఫ్రా గింజలు వేసి గరిటెతో తిప్పుతుంటే తడిమట్టి లాంటి వాసన ఒకటి లేస్తుంది. నూనె మెల్లగా ఎర్రబడుతుంది. అడవి అంచునున్న కొంటా ఊళ్లో చిన్న హోటల్ నడుపుకునే నాకు ఇది రోజూ ఉండే పనే. అయినా ఆ వాసనకి గుండె కలుక్కుమంటుంది. పులిహోరకీ కోడికూరకీ ఇలా రంగు తేవడం నేర్పింది మా పక్కింటి రత్తమ్మ పెద్దమ్మ. అమ్మ పోయాక నన్ను చేరదీసింది ఆవిడే. ప్యాకెట్ రంగు పేరెత్తితే ఇంతెత్తున లేచేది. "పొయ్యి దించినంకనే గింజలెయ్యాలె బిడ్డా, మాడితే చేదైతది" అనేది.

వాళ్ల పెరట్లో జాఫ్రా చెట్టు ఉండేది. కాయలు కోసేటప్పుడు ఇంటి ఆడపిల్ల వంతుగా ఒక కొమ్మ వదిలేయడం, ఆమే వచ్చి దాన్ని కోసుకోవడం వాళ్లింటి ఆచారం. ఒక్కగానొక్క కూతురు సోమమ్మను అడవి లోపలి జగర్గుండా ఊరికి ఇచ్చి పెళ్లి చేశారు. తర్వాత అడవిలో తుపాకుల గొడవల్లో ఆ దారి మూసుకుపోయింది. ఏళ్లకేళ్లు మనిషి రాలేదు, కబురూ లేదు. పెద్దమ్మ మాత్రం ఏటా కొమ్మ వదిలేది. ఆ కాయలు ఎండి, పగిలి, గింజలు నేలపాలయ్యేవి. చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

"రాదని తెలిసి ఎందుకు పెద్దమ్మా, ఊకె పాడుచేసుడు?" అన్నానొకసారి.

"రాదని ఎవలు జెప్పిన్రు నీకు? రాస్తా బంద్ అయింది గానీ, నా బిడ్డకు కాళ్లు లేవా ఏంది?" అని కసిరింది. ఆ వెంటనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కిందటి ఎండాకాలం జ్వరమొచ్చి పెద్దమ్మ పోయింది. కూతుర్ని చూడాలన్న ఒక్క కోరికా తీరలేదు. చలికాలంలో ఆ దారిన బస్సు మొదలైంది. దాంట్లోంచే సోమమ్మ దిగింది. తల్లి లేదన్న మాట నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. ఆ బస్సేదో కాస్త ముందే నడిస్తే ఎవరి సొమ్మేం పోయేది! ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఆ ఏడు పెద్దమ్మకి బదులు ఆ కొమ్మను నేను వదిలిపెట్టి ఉంచాను. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన మనిషిని లేపి పెరట్లోకి తీసుకెళ్లాను. తన కాయలు తనే కోసుకుంది. ఆ గింజలు వేసిన నూనెతోనే అన్నం కలిపి పెట్టాను. రెండు ముద్దలు తిని ఆగిపోయింది.

"ఏమైంది సోమమ్మా?"

"అమ్మ చేస్తే గిట్లనే ఉంటుండెనా అక్కా? నాకు యాది లేదు. నువ్వే చెప్పాలె."

"అచ్చం గిట్లనే" అన్నాను.

ఆమె కళ్లు మూసుకుని మళ్లీ తినసాగింది. కూతురికి దక్కాల్సిన ఆ చేతి రుచి నాకు దక్కింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.