పద్నాలుగు కొలతల మనిషి

మా మావయ్యంటే నాకు పడదు. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. అయినా ఆయన గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. కాలేజీలో మూడేళ్లు లెక్కలు చదివినా బుర్రకెక్కని ఒక విషయం, ఆయన షాపులో ఒక్క మధ్యాహ్నంలో ఎక్కేసింది మరి.

ఆయన మా అమ్మకి అన్న. దర్జీ. దర్జీ అంటే ఒప్పుకోడు, కటింగ్ మాస్టరు అనాలి. వీధిలో మాత్రం అందరూ "సూత్రం మాస్టరు" అంటారు, అదీ ఆయనకి వినబడేలా. షాపు ఒకటే గది, మధ్యలో ప్లైవుడ్ గోడ. ముందు భాగంలో అమ్మ కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం. వెనక భాగంలో మావయ్య, ఆయన బల్ల, ఆయన కత్తెర. గోడలో పలకంత కిటికీ. వచ్చినవాళ్లని అమ్మ కొలిచి, చీటీ మీద పద్నాలుగు అంకెలు వేసి, కిటికీలోంచి అవతలకి తోస్తుంది. మావయ్య ఆ చీటీ చూసి గుడ్డ కత్తిరించి, అదే కిటికీలోంచి ఇవతలకి తోస్తాడు. మనిషిని చూడడు. చీటీ మీద పేరు కూడా రాయనివ్వడు.

"పేరుతో గుడ్డకేం పని?" అంటాడు.

కోటు సరిపోలేదని ఎవరైనా వస్తే కిటికీ వెనకనుంచి గొంతు మాత్రం వినిపిస్తుంది. "నా అంకెలు సరిగ్గానే ఉన్నాయి. మిమ్మల్ని మీరు ఓసారి చూసుకోండి." ఒకసారి ఒక పెద్దాయన అద్దం ముందు నిలబడి, "అయితే ఈ కోటుకి సరిపోయే ఒళ్లు ఎక్కడ కుడతారో చెప్పు నాయనా, వెళ్లి కుట్టించుకుంటా" అన్నాడు. అమ్మ నోటినిండా గుండుసూదులు. నవ్వలేక చచ్చింది.

నిజానికి అలా వచ్చేవాళ్లు తక్కువ. ఎందుకు తక్కువో కాసేపట్లో చెప్తాను.

మా తాతయ్య టేపు ముట్టుకునేవాడు కాదట. గుమ్మంలోంచి కుర్చీదాకా మనిషి నడిచేలోపు ఒక్క చూపు చూసి, సుద్దముక్కతో గుడ్డ మీద గీసేసేవాడట. ఆ చూపు అమ్మకి వచ్చింది. మావయ్యకి రాలేదు. తాతయ్య ఆ మాట కడుపులో దాచుకునే రకం కాదు, నలుగురిలో అనేవాడు: "వీడికి దేవుడు చేతులిచ్చాడు, కళ్లు పెట్టడం మరిచిపోయాడు." అంతా అని, పోయేముందు కత్తెర మాత్రం మావయ్య చేతిలోనే పెట్టాడు. కొడుకు కదా. అప్పటికే అన్నకంటే బాగా గీయగల కూతురు మంచం పక్కనే నిలబడి ఉంది. ఇది జరిగి ఇరవై రెండేళ్లు. కత్తెర తీసుకున్నందుకు అమ్మ ఆయన్ని క్షమించలేదు. తనకి లేని చూపు ఉన్నందుకు ఆయన అమ్మని క్షమించలేదు. ఒకే గదిలో ఉప్పూ నిప్పూ.

చూపు లేని మావయ్య ఏం చేశాడంటే, తాతయ్య కుట్టిన పాత కోట్ల కోసం ఇల్లిల్లూ తిరిగాడు. తెచ్చాడు, విప్పాడు, ముక్క ముక్కా కొలిచాడు. పదకొండేళ్లు. ఛాతీ ఇంత, నడుము ఇంత అయితే చంక ఎంత లోతు కొయ్యాలి, కాలరు ఎంత వంపు తిరగాలి, అన్నీ ఒక నల్ల అట్ట పుస్తకంలో రాశాడు. తండ్రి కళ్లు చేసిన పనంతా అంకెల్లోకి దించేశాననుకున్నాడు. చివరి పేజీలో ఎర్ర సిరాతో ఒక వాక్యం: "పద్నాలుగు కొలతలు చాలు. ఇది సంపూర్ణం." మనిషి నచ్చకపోయినా ఒప్పుకోవాలి, అది చిన్న పని కాదు. కానీ ఆ పుస్తకం రాసినప్పటినుంచీ ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

గొడవ బస్సు డిపో కోట్ల దగ్గర మొదలైంది. డ్రైవర్లు నలభై మందికి కోట్లు కావాలన్నారు. అమ్మ డిపోకి వెళ్లి అందరినీ ఒకసారి కొలుచుకోవచ్చు. మధ్యలో తొడిగి చూడ్డానికి మాత్రం ఎవరినీ పంపరు, బస్సులు ఆగిపోతాయి.

"తొడిగి చూడకుండా నలభై కోట్లా?" అంది అమ్మ కిటికీ దగ్గర నిలబడి. "మనకి శాపనార్థాలు తప్పవు అన్నయ్యా."

"నీ కొలత తప్పితే తగులుతాయి. నా కోత తప్పదు."

"అవున్లే. పొద్దున లేస్తే నువ్వు కోసేవి కోతలే కదా."

"ఏమన్నావే?"

"ఏమీ అనలేదు మహానుభావా. ఒక్క కోటు సరిపోకపోతే ఏం చేస్తావో చెప్పు."

"సరిపోకపోవడం అనేది ఉండదు. పుస్తకం సంపూర్ణం."

"ఉంటే?"

అవతల కత్తెర బల్ల మీద టప్పున పెట్టిన శబ్దం. "నలభైలో ఒక్క కోటు తిరిగొచ్చినా ఈ కత్తెర నీది. రాలేదంటే చచ్చేదాకా దాని మాట ఎత్తకూడదు."

"నోటి మాట వద్దు. రాయి."

ఆయన రాశాడు. ఎక్కడ రాశాడనుకున్నారు? ఆ ఎర్ర సిరా వాక్యం కిందే. కిటికీలోంచి పుస్తకం చూపించాడు. అమ్మ చదువుకుని తలూపింది.

ఆ రోజు సాయంత్రం అమ్మ నాతో అసలు విషయం చెప్పింది. ఇన్నేళ్లూ కోట్లు పెద్దగా తిరిగి రాకపోవడానికి కారణం పుస్తకం కాదు. కొలిచేటప్పుడు మనిషిని చూసి పెట్టుకుని, కుట్టేటప్పుడు గీత దాటి కుట్టేది. ఒకడి భుజం దగ్గర పావంగుళం లోపలికి, ఇంకొకడి వీపు దగ్గర అరంగుళం బయటికి. పుస్తకం తేల్చని ప్రతిచోటా అమ్మ సూది తేల్చేది. మావయ్యకి తెలీదు.

"ఈసారి గీత మీదే కుడతా," అంది. "దారప్పోగంత కూడా పక్కకి పోను. ఆయన పుస్తకం ఆయన్ని కాపాడాలిగా, కాపాడనీ."

నలభై చీట్లు కిటికీ దాటాయి. రెండో రోజు అవతలనుంచి అరుపు.

"ఏమే, ఈ రెండు చీట్లూ ఒకటే! పద్నాలుగుకి పద్నాలుగూ. ఒక్కణ్ణే రెండుసార్లు కొలిచావు. చదువెలాగూ రాలేదు, మనుషుల్ని లెక్కపెట్టడం కూడా రాదా?"

మిషను ఆగింది. ఆ రెండు చీట్లూ ఎవరివో అమ్మకి తెలుసు. చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో కాగితం పర్రుమని చిరిగిన చప్పుడు వినబడింది. తెరిచిన నోరు మూసేసింది.

"సరే అన్నయ్యా," అంది.

అమ్మ అంత నెమ్మదిగా "సరే" అన్నప్పుడే మావయ్యకి ఒళ్లు జలదరించాల్సింది. ఇంకో దర్జీ ఎవరైనా అయితే "ఎవరివీ రెండు?" అని ఒక్క మాట అడిగేవాడు. ఈయన లోకంలో అంకెలే మనిషి. అంకెలు ఒకటైతే మనిషీ ఒకడే.

కోట్లు డిపోకి వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం, మిగతావాళ్లు చాలామంది ఇంకా తొడుక్కోకముందే, ఇద్దరు డ్రైవర్లు వచ్చారు. డిపోలో ఒకాయన్ని గడకర్ర అంటారట. నిటారుగా, ఛాతీ ముందుకి తోసి నిలబడతాడు. మా కోటు ఆయన ఒంటి మీద పోతపోసినట్టుంది. రెండో ఆయన్ని విల్లు అంటారు. ముప్పై ఏళ్లు స్టీరింగు మీద వాలి వాలి వీపు అలాగే ఉండిపోయింది. ఆయన ఉత్త చొక్కాతో ఉన్నాడు.

"అందరికీ కోట్లొచ్చాయి తల్లీ," అన్నాడు విల్లు. "నాకు పిలుపు కూడా రాలేదు. నేనేం పాపం చేశాను?"

"మీరు చెయ్యలేదు బాబాయిగారూ. మీ చీటీ చింపేశారు."

కిటికీ వెనక కుర్చీ కిర్రుమంది. "అది రెండోసారి కొలిచిన చీటీ!"

"రెండో మనిషిని కొలిచిన చీటీ."

"అంకెలు ఒకటేగా?"

"ఒకటే. ఆ మొదటి చీటీ మనిషి కూడా కోటుతో ఇక్కడే ఉన్నాడు."

"అయితే కోటూ ఒకటే. ఆ ఒంటి మీదున్నది విప్పి ఈయన్ని తొడుక్కోమను. సరిపోయి తీరాలి."

గడకర్ర విప్పాడు, విల్లు తొడుక్కున్నాడు. వెనక అంచు నాలుగు వేళ్లు పైకి లేచింది. ముందు అంచులు తొడల మీదికి జారాయి. కాలరు మెడనొదిలి దూరంగా నిలబడింది. గడకర్ర చూసి, "ఏరా, కోటు నీ మీద అలిగినట్టుందే" అన్నాడు.

నేను కాజాలు కుడుతున్నదాన్ని సూది అలాగే వదిలేశాను. కాలేజీలో మాకు చెప్పింది ఇదే! ఒక సిద్ధాంతం సంపూర్ణం అంటే గొప్పదని అర్థం కాదు, పెద్దదనీ కాదు. దాని మాటల్లో అడగగలిగిన ప్రతి ప్రశ్నకీ దాని నియమాల్లోంచే అవుననో కాదనో తేలిపోవాలి. ఎటూ తేలకుండా వేలాడే ప్రశ్న ఒక్కటున్నా అది అసంపూర్ణమే. వేలాడుతోందని చూపించడం ఎలా? ఆ నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించే రెండు లోకాలు పట్టుకురావాలి. ఒకదాంట్లో జవాబు అవును, రెండోదాంట్లో కాదు. "ఈ కోటు వెనక అంచు లేస్తుందా?" పద్నాలుగు అంకెలకీ కట్టుబడిన రెండు లోకాలు మా అద్దం ముందు చెప్పులేసుకుని నిలబడ్డాయి. ఒకదాంట్లో లేవదు, ఒకదాంట్లో లేస్తుంది. మూడేళ్లు బోర్డు మీద చూసి నాకు అర్థం కానిది ఇంతేనా!

"కత్తెర ఇచ్చెయ్ అన్నయ్యా," అంది అమ్మ.

"ఎందుకివ్వాలి? 'తిరిగొచ్చినా' అని రాసుకున్నాం. ఈయన కోటు తిరిగొచ్చిందా? అసలు కుట్టనేలేదు. కుట్టని కోటు ఎలా తిరిగొస్తుందే?"

అదీ నిజమే. పందెంలో కూడా ఈ ప్రశ్నకి జవాబు లేదు! నాకు నవ్వొచ్చింది. అమ్మ నావైపు చూసిన చూపుకి ఆగిపోయింది.

"దానికేముంది మాస్టరూ," అన్నాడు గడకర్ర, "ఇప్పుడు కుట్టండి, తిరిగి తెచ్చే పని మేం చూసుకుంటాం."

అందరం కిటికీ వైపు చూశాం. లోపలనుంచి గొంతు వినబడింది, ఈసారి చిన్నగా. "పదిహేనోది చేరుస్తాను. మెడ వెనకనుంచి నడుందాకా."

"చేర్చు," అంది అమ్మ. "ఆ పదిహేనూ ఒకటైన ఇద్దర్ని తెస్తా, ఒకడికి ఎడమ భుజం దిగి ఉంటుంది. పదహారు రాస్తావు. ఒకడికి మెడ ముందుకి వాలి ఉంటుంది. నువ్వు రాస్తూ ఉండు, నేను తెస్తూ ఉంటా. మరి ఆ ఎర్ర సిరా మాట ఏం చేస్తావు? కొట్టేస్తావా?"

లోపల పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు వినబడింది.

"ఇదంతా ఎందుకు?" అమ్మ కిటికీ దగ్గరికి వెళ్లింది. "ఆయన ఇక్కడే ఉన్నాడు. తలెత్తి ఒక్కసారి చూడు. చూసి కొయ్యి. కోటు సరిపోతుంది, కత్తెర నీకే ఉంటుంది. నేను మళ్లీ అడగను. ఒట్టు."

నిజంగానే అందో, చురకే పెట్టిందో నాకిప్పటికీ తెలీదు. అమ్మ ఎదురుగా వీపు వంచి నిలబడ్డాడు విల్లు, కిటికీకి మూడడుగుల దూరంలో. చూడ్డానికి క్షణం చాలు.

"చూస్తే నాకేం కనబడుతుందే?" అన్నాడు మావయ్య.

ఆ మాటలో తాతయ్య గొంతు వినబడింది అమ్మకి. మొహం ఒక్క క్షణం మారింది. అంతే, ఒక్క క్షణం. "అయితే పద్నాలుగుతోనే కొయ్యి," అంది.

కోశాడు. మిగిలిపోయిన గుడ్డ బల్ల మీద పరిచి, పుస్తకం పక్కన పెట్టుకుని, తల ఎత్తకుండా. కత్తెర కరకరా నడిచిన చప్పుడు మేం నలుగురం వింటూ కూర్చున్నాం. ముక్కలు కిటికీలోంచి వచ్చాయి. అమ్మ పైపైన పెద్ద కుట్లు వేసింది, గీత మీదే, దారప్పోగంత కూడా తప్పకుండా. విల్లు తొడుక్కున్నాడు. వెనక అంచు నాలుగు వేళ్లు లేచింది. అచ్చు మొదటి కోటే. పుస్తకం మాట తప్పలేదు.

విల్లు కోటు విప్పి, ఇబ్బందిగా, తనే కిటికీలోంచి లోపలికి తోశాడు. "తిరిగి ఇస్తున్నానండీ. ఏమీ అనుకోకండి."

కాసేపటికి కిటికీలోంచి కత్తెర వచ్చింది. మొన ముందు, పిడి వెనక. అమ్మ దాన్ని మొనతోనే పట్టుకుని లాక్కుంది.

"తప్పు ఆయన వీపుది," అన్నాడు మావయ్య లోపలనుంచి. "పుస్తకానిది కాదు."

మర్నాడు బల్లలు మారాయి. అమ్మ లోపల, మావయ్య బయట టేపుతో. కిటికీ ఉంది, గోడా ఉంది. మొదటగా వచ్చినాయన్ని మావయ్య కొలిచి, పద్నాలుగు అంకెలూ చక్కగా రాసి, చీటీ లోపలికి తోశాడు. చీటీ అంతే వేగంగా తిరిగొచ్చింది.

"ఇది నాకొద్దు. మనిషిని పంపు."

"పద్నాలుగూ ఉన్నాయిగా, ఇంకేం కావాలే నీకు?"

లోపలనుంచి సుద్దముక్క అరగదీస్తున్న చప్పుడు వచ్చింది. మావయ్య చీటీని నాలుగు మడతలు పెట్టి నల్ల అట్ట పుస్తకంలో దాచుకున్నాడు. తర్వాత తను కొలిచిన ఆయన వైపు తిరిగి, వీధిలోకి వినబడేలా అన్నాడు.

"వెళ్లండి సార్. ఆవిడగారికి తమరి దర్శనం కావాలట."