పూర్ణచంద్రరావు గారి కారు టాపు

కార్ల మీద నాకేం కోపం లేదు. పూర్ణచంద్రరావు గారి ఎర్ర కారు పేరెత్తితే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండు వేల నాలుగులో కృత్తివెన్ను రొయ్యల చెరువులు కలిసొచ్చి, ఆయన ఎక్కణ్ణుంచో పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. సీట్లు రెండే. పైకప్పు ఒకే పలక, బిగింపులు వదిలించి ఎత్తితే ఊడొస్తుంది. బరువు తక్కువే గానీ, గీత పడకుండా ఊడదీయాలంటే ఇద్దరు కావాలి. ఆ రెండో మనిషి మా బావ దైవాధీనం, పద్దెనిమిదేళ్లుగా ఆయన డ్రైవరు. ఈ కారు మాత్రం ఆయనే తోలేవాడు. టాపు తీయడం, పెట్టడం, తుడవడం బావ పని. నెత్తి మాడినా సరే, టాపు లేకుండా బందరంతా తిరగాలి ఆ పెద్దమనిషికి. డిక్కీలో రొయ్యల ఐసుపెట్టె ఉన్నరోజు టాపు బావ ఒళ్లో ఉండేది.

నా మేనకోడలు శాంతి పెళ్లిరోజు పొద్దున్నే, "అవనిగడ్డలో చిన్న పని, పదింటికల్లా గుడి దగ్గర దింపేస్తా" అని బావని తీసుకెళ్లాడు. పెళ్లి పదకొండింటికి, బందరులో. కూతుర్ని చెయ్యిపట్టి మా చర్చి గుడిలోకి నడిపించాల్సినవాడు. వెళ్లొద్దన్నాను, వినలేదు.

అవనిగడ్డలో తెలిసినాయన ఎవరో కారెక్కుతానన్నాడు. డిక్కీ నిండా ఐసుపెట్టె.

"దైవాధీనం, నువ్వు టాపు తీసుకుని బస్సులో వచ్చేయ్," అన్నాడు పూర్ణచంద్రరావు గారు.

"అలాగేనండి," అన్నాడట మా బావ. పెళ్లి సంగతి గుర్తుచెయ్యడానికి నోరు రాలేదట.

మొదటి కండక్టరు దాన్ని బస్సు మీద వెయ్యమన్నాడు. గీతలు పడతాయని బావ ఎక్కలేదు. రెండో బస్సూ అలాగే వదిలేశాడు. మూడోదాంట్లో వెనక నిలబెట్టుకుని వచ్చాడు.

పదకొండున్నర దాకా ఆపాం. ఇక కుదరదన్నారు పాస్టరు అయ్యగారు. శాంతిని నేనే నడిపించాను. అడుగడుక్కీ వెనక్కి గుమ్మం వైపు చూస్తూనే ఉంది పిల్ల.

భోజనాలప్పుడు వచ్చాడు బావ, చెమటతో తడిసి, రెండు చేతులా టాపు ఎత్తుకుని. శాంతి లేచి ఎదురెళ్లింది. తండ్రి ముఖం కంటే ముందు ఆ పలక అంచులు చూసింది.

"దానికేం కాలేదుగా నాన్నా?"

ఎత్తిపొడుపు కాదు, నిజంగా భయపడే అడిగింది. బావ దాన్ని గోడకి జాగ్రత్తగా ఆనించి, "ఏం కాలేదమ్మా" అన్నాడు. ఆ పూట వాళ్లిద్దరి మీదా వచ్చినంత కోపం నాకు పూర్ణచంద్రరావు గారి మీద కూడా రాలేదు.