మా వారి తాళం

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజుల్లో పెళ్లై, సింగపూర్‌లో యూ టీ అనే పేటకి కాపురానికి వెళ్లాను. మా వారు మాత్రం గ్యాస్‌తో కరెంటు తీసే ప్లాంటులో టెక్నీషియన్. టర్బైన్ ఆపి రిపేరు చేసేటప్పుడు, పనిలోకి దిగే ప్రతి మనిషీ దాని స్విచ్చుకి తన సొంత తాళం వేయాలట. ఎవరి తాళం వాళ్లే తీయాలి. ఒక్కటి మిగిలినా లోపల ఇంకా మనిషి ఉన్నట్టే, మిషన్ తిరగదు.

"ఇంటి తాళంచెవి రోజూ మర్చిపోతారు, ప్లాంటుది మాత్రం మర్చిపోరు!" అని ఏడిపించేదాన్ని.

"అది నా ప్రాణమే పిచ్చీ!" అనేవారు.

ఒకరోజు పనిలోనే ఛాతీ పట్టుకుని కూలిపోయారు. ఆసుపత్రికి పరుగెత్తితే నర్సు ఆయన బట్టలు నా చేతికిచ్చింది. చొక్కా జేబులో ఆ తాళంచెవి ఉంది. లోపల ఆయన కళ్లు తెరవలేదు.

తోడొచ్చిన సూపర్‌వైజర్ అంకుల్ తలొంచుకుని, "అమ్మా, ఆ కీ ఇస్తావా? ఆయన తాళం ఉండిపోయి అక్కడ మిషన్ ఆగిపోయి ఉందమ్మా, ఇలాంటప్పుడు నేనే తీయాలి" అన్నారు.

"ఆయనే వచ్చి తీసుకుంటారు అంకుల్, నేనివ్వను!" అని అరిచాను.

అంకుల్ నా పక్కనే కూర్చున్నారు.

సాయంత్రం డాక్టరమ్మ బయటికొచ్చి తల అడ్డంగా ఊపింది. పిడికిలి విప్పి తాళంచెవి అంకుల్ చేతిలో పెట్టాను.

ఇంటికొచ్చి స్విచ్ వేస్తే లైటు వెలిగింది. ఆ మిషన్ మళ్లీ తిరుగుతోందనిపించి, చూడలేక ఆర్పేశాను. ఆ తాళంచెవి ఇవ్వకుండా ఉంటే ఆయన ఇంకా పనిలోనే ఉన్నట్టుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.