మేనమామ కూడబెట్టిన పాయింట్లు

పోయిన నెలలో ఒక ఉదయం పుంగనూరు నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆవిడ ఫోన్ చేస్తే ముందు మా ఇంట్లో అందరినీ పేరుపేరునా అడిగి, వాన పడిందో లేదో చెప్పి, ఆ తర్వాతే అసలు విషయానికి వస్తుంది. ఆ రోజు అవేవీ లేవు. "మీ మామ పోయినాడమ్మా. నిద్దర్లోనే పోయినాడంట" అంది.  ఆ తర్వాత ఫోన్ పెట్టేయాలని ఇద్దరికీ తోచలేదు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ముగ్గురిలో పెద్దది పుంగనూరు పెద్దమ్మ, నడిమిది మా అమ్మ, చివరివాడు మామ. సోమల దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, డిగ్రీ చదివి, మందుల కంపెనీలో రెప్రజెంటేటివ్‌గా చేరాడు. కాపురం మదనపల్లెలో. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆయన తిరగాల్సిన ఊళ్ళు. నల్ల బ్యాగు, ఇస్త్రీ చొక్కా, మెడలో టై. ఊరు దాటగానే ఆ టై విప్పి జేబులో పెట్టుకుని, మళ్ళీ డాక్టరు గుమ్మం ముందు బైకు అద్దంలో చూసుకుంటూ కట్టుకునేవాడు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచితనంతో మొదలుపెట్టాలంటారు. కానీ మా చుట్టాల్లో ఎవరిని కదిలించినా మామ గురించి ముందు చెప్పేది ఆయన క్రెడిట్ కార్డుల సంగతే. కాబట్టి నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆయన మంచితనం కూడా అందులోనే ఉంది.

తొంభైల చివర్లో ఒకసారి కంపెనీ మీటింగుకని బెంగళూరు వెళ్ళి, హోటలు వాకిట్లో బల్ల వేసుకుని కూర్చున్న ఒక కుర్రాడి మాటలకు తల ఊపి, సంతకం పెట్టి వచ్చాడు. కొన్నాళ్ళకు పోస్టులో ఎర్ర కార్డు వచ్చింది. మా అమ్మ హడలిపోయింది. "అప్పు కార్డు గదరా అది. మన ఇంట్లో ఇట్లాంటివి ఎవురికుండాయి?" అంది.

"అప్పు పెట్టుకునేవోడికి అప్పు కార్డుక్కా. గడువు లోపల పూరా కట్టేసేవోడికి అది ప్లాస్టిక్కు ముక్క. పైన పాయింట్లు మనకి మిగులు" అన్నాడు మామ.

తర్వాత ఇంకో బ్యాంకుది నీలం కార్డు వచ్చింది. అప్పటి నుంచి మా ఇంటికొస్తే భోజనాలయ్యాక రెండు కార్డులూ చాప మీద పక్కపక్కన పెట్టి, పెళ్ళిచూపులు చూసొచ్చిన పెద్దమనిషిలా వాటి గుణగణాలు చెప్పేవాడు. "ఎర్రదానికి నోరు పెద్దది. పెట్రోలుకి, హోటలుకి రెండింతలు పాయింట్లంటాది. రెండేండ్లలో వాడకుంటే అవి సస్తాయి. ఏడాదికొకసారి ఫీజు గూడా గుంజుతాది. నీలందానికి సెయ్యి చిన్నది. నిదానంగా ఇస్తాది. కానీ ఇచ్చింది మళ్ళా ఎనక్కి తీసుకోదు."

నేనప్పుడు మదనపల్లెలోనే డిగ్రీ చదువుతున్నాను. ఈ పాఠం నాకు ఎన్నిసార్లు చెప్పాడో. "ఎన్ని పాయింట్లిస్తాండాడని సూడొద్దు పాపా. ఒక్కో పాయింటుకి వాడు మనకేమిస్తాండాడో సూడు. అవి ఎంతకాలం బతుకుతాయో సూడు. పాయింట్ల కోసం కొనేవోడు తిక్కోడు. ఎట్లాగూ కొనాల్సిన దానికి పాయింట్లు తీసుకోనోడు సోమరిపోతు." ఇప్పుడు ఉద్యోగంలో నా పక్క కుర్చీ అమ్మాయిలకు ఇదే మాట నా సొంత తెలివిలా చెబుతుంటాను. వాళ్ళు నన్ను మెచ్చుకుంటారు.

అయితే మామ పాఠం చెప్పినంత బాగా పాటించేవాడా అంటే, అది వేరే కథ. ఆ రోజుల్లో ఆయనకు తెలిసి కార్డు గీసే మిషను ఉన్న పెట్రోలు బంకు మదనపల్లెలోనే ఉండేది. పుంగనూరులో ట్యాంకు ఎండిపోతున్నా అక్కడ డబ్బిచ్చి పోయించుకునేవాడు కాదు. ఒకసారి పెద్దమ్మ ఇంటి నుంచి నన్ను వెనక ఎక్కించుకుని వస్తుంటే, సగం దారిలో బండి దగ్గి ఆగిపోయింది. మంచి ఎండ. ఆయన ముందు నెడుతున్నాడు, నేను వెనక నెడుతున్నాను. నెడుతూనే రెండింతల పాయింట్ల లెక్క చెబుతున్నాడు. చివరికి ఒక సైకిల్ షాపులో సీసాలో అమ్మే పెట్రోలును బంకు రేటు కంటే ఎక్కువ పెట్టి కొని, మదనపల్లె బంకు చేరి, అక్కడ దర్జాగా కార్డు తీసి ఇచ్చాడు. ఇంటికొచ్చాక నేను అంతా అత్తకు చెప్పేశాను. "ఆ బండి పెట్రోలుతో నడవడం మానేసి శానా దినాలైందమ్మా. పాయింట్లతోనే నడుస్తాండాది" అంది అత్త. మామ గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

గడువు విషయంలో మాత్రం ఆయనతో పరాచికాలు కుదరవు. కార్డు బిల్లుకు చెక్కు రాసి వేసే పెట్టె బెంగళూరులో ఉండేది. పోస్టును నమ్మేవాడు కాదు. కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరుకు వెళ్ళి ఉద్యోగం చేసొచ్చే ఒక గుమాస్తాతో స్నేహం చేసుకున్నాడు. నెలనెలా కుప్పం వెళ్ళినప్పుడు స్టేషన్లో ఆయన చేతిలో కవరు పెట్టేవాడు. ఒక నెల ఆ గుమాస్తా జ్వరంతో పడుకుంటే, మామ మందుల బ్యాగుతో సహా తనే రైలెక్కి, చెక్కు పెట్టెలో వేసి, తిరుగు బండికి వచ్చేశాడు. "ఒక్క నెల తప్పినామంటే వాడు పాయింటు ఎర పెట్టి మన ఏనుగును లాక్కుపోతాడు" అనేవాడు. మా ఇంట్లో ఏనుగు ఎప్పుడూ లేదు గానీ, వడ్డీ సంగతి చెబుతున్నాడని అర్థమైంది.

రానురాను మా చుట్టాల్లో ఎవరు పెద్ద వస్తువు కొన్నా మామ వెంట వెళ్ళడం మొదలైంది. కురబలకోట చిన్నాన్న, అంటే మా నాన్న తమ్ముడు, కలర్ టీవీ కొన్నాడు. గుడుపల్లెలో ఉండే మా అమ్మ చిన్నాన్న కొడుకు ట్రాక్టరుకు టైర్లు కొన్నాడు. బేరం వాళ్ళు చేస్తారు, డబ్బు అక్కడికక్కడే మామ చేతిలో పెడతారు, మామ కార్డు గీస్తాడు. వాళ్ళకు ఒక్క రూపాయి తేడా రాదు, మామకు పాయింట్లు వస్తాయి. అందరూ సంతోషంగానే ఉండేవాళ్ళు. పెద్దమ్మ కూడా అలాగే బెంగళూరులో ఫ్రిజ్జు కొంది.

ఆ ఫ్రిజ్జు దగ్గరే బెడిసింది. కొన్ని నెలల తర్వాత పెద్దమ్మ మదనపల్లె వచ్చి, మామ వంటింట్లో కొత్త మిక్సీ చూసింది. ఎప్పుడు కొన్నావని అత్తను అడిగింది. పాపం అత్తకు దాచడం తెలియదు. "కొనలేదొదినా, పాయింట్లకి వచ్చింది. మీ ఫ్రిజ్జు పుణ్యమే" అంది.

"అయితే నా ఫ్రిజ్జు పాయింట్లు మీ ఇంట్లో పచ్చడి రుబ్బుతాండాయా?" అంది పెద్దమ్మ. అక్కడే ఉన్న నేను, అమ్మ నవ్వాం. పెద్దమ్మ నవ్వలేదు. "దుడ్లు నావి. వచ్చింది వాడికి. నాకొక మాటన్నా సెప్పల్ల గదా?"

మామ రాగానే మొహం మీదే అడిగింది. ఆయన కంగారుపడి, "నీకే పంపిస్తాలే అక్కా, తీసుకో" అన్నాడు. అది ఇంకా చెడ్డ మాటైంది. "నేను బిచ్చమడిగినానా నిన్ను?" అని ఆవిడ సంచీ తీసుకుని బస్టాండుకు నడిచింది. మర్నాడు మామ ఆ మిక్సీని పుంగనూరు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. సాయంత్రం అదే బస్సులో వెనక్కి వచ్చింది. అత్త దాన్ని అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించేసి పాత రోలే వాడుకుంది.

మిక్సీ కోసం మనుషులు మాట్లాడుకోవడం మానేస్తారా అని మీరనుకోవచ్చు. మామను చంకనేసుకుని పెంచింది పెద్దమ్మే. ఆయన మొదటి జీతం కవరు విప్పకుండా ఇచ్చింది ఆవిడకే. పుంగనూరు వెళ్ళిన ప్రతిసారీ మధ్యాహ్నం భోజనం అక్కడే. అలాంటిది మూడేళ్ళు ఆవిడ ఆయనతో మాట్లాడలేదు. ఆయన బస్టాండు దగ్గర మెస్సులో తినేవాడు. తిరుగు ప్రయాణంలో ఆవిడ ఇంటి ముందు బండి నిదానం చేసి, ఒక్కసారి హారను కొట్టి వెళ్ళిపోయేవాడు. ఆవిడ తలుపు వేసుకునేదీ కాదు, బయటికి వచ్చేదీ కాదు. ఇది నాకు పెద్దమ్మే చెప్పింది, చాలా ఏళ్ళ తర్వాత.

నాకు మాత్రం పెద్దమ్మ మీద మండిపోయేది. "ఆమెకు పైసా నష్టం లేదు కదా మామా, నువ్వు చేసిన తప్పేముంది?" అని ఒకరోజు అడిగాను.

మామ జేబులోంచి రెండు కార్డులూ తీసి చాప మీద పెట్టాడు. "నష్టం సంగతి గాదు పాపా. కార్డులన్నీ పోల్చినా. పాయింట్లన్నీ పోల్చినా. అవి ఎవురివని మాత్రం ఒక్కసారన్నా నన్ను నేను అడగలేదు. అక్క అడిగింది."

ఆ వారమే ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి ఎర్ర కార్డు మూయించేశాడు. నేను పక్కనే ఉన్నాను. అవతలి అమ్మాయి ఏవో అదనపు పాయింట్లిస్తాం ఉంచుకోండి అంటోంది. "నీ పాయింట్లు తొందరగా సస్తాయమ్మా. నాకు బతికేవి కావల్ల" అని పెట్టేశాడు. అప్పటి నుంచి పెట్రోలు, హోటలు, చుట్టాల వస్తువులు అన్నీ నీలం కార్డు మీదే. బిల్లుతో పాటు రంగురంగుల బొమ్మల పుస్తకం వచ్చేది. అత్త అందులో కాఫీ కప్పులు చూపించినా, సూట్‌కేసు చూపించినా ఊఁ కొట్టి ఊరుకునేవాడు. ఈయనకు పాయింట్ల పిచ్చి వదిలిందని మేమంతా అనుకున్నాం.

తర్వాతది నా పెళ్ళి. ఇది రాయడానికే ఇంతసేపూ కూర్చున్నాను. 

పెళ్ళి మదనపల్లెలో, అబ్బాయి వాళ్ళది కుప్పం. పెద్దమ్మ వచ్చింది గానీ మామ ఏ వైపుంటే ఆవిడ రెండో వైపు కూర్చుంది. తల్లీబిడ్డల్లా మెలిగిన ఆ ఇద్దరినీ అలా చూస్తూ మా అమ్మ నా జడ కూడా సరిగ్గా వేయలేకపోయింది. పొద్దున్నే లోపలి గదిలో మామ మేనమామ చీర, మెట్టెలు నా చేతిలో పెట్టాడు. అప్పుడు అక్కడ ఆడవాళ్ళం నలుగురమే ఉన్నాం. తాళి కట్టడం అయ్యాక చదివింపులు మొదలయ్యాయి. మా వైపు ఎవరేమిచ్చినా మైకులో చదివితేనే ఇచ్చినట్టు. మైకు పట్టింది గొంతు పెద్దదైన కురబలకోట చిన్నాన్న.

ఇద్దరు మనుషుల చేత పెద్ద పెట్టె మోయించుకుని మామ వచ్చాడు. చిన్నాన్న చెవిలో ఒక్కో పేరే చెబుతున్నాడు, చిన్నాన్న చదువుతున్నాడు. "పుంగనూరు పెద్దక్కగారు... గుడుపల్లె అన్నగారు..." ఇంకా రెండు మూడు పేర్లయ్యాక కురబలకోట దగ్గర ఆగిపోయి, "ఇది నేనే గదప్పా" అన్నాడు మైకులోనే. మండపం అంతా గొల్లుమంది. "వీళ్ళందరూ కలిసి పెండ్లికూతురికి ఇచ్చిన గ్రైండరు" అని చిన్నాన్న అయోమయంగానే ముగించాడు. అందులో మామ పేరు లేదు.

పేర్లు వింటుండగానే నాకు అర్థమైపోయింది. టీవీ, టైర్లు, ఫ్రిజ్జు. మిక్సీకి పోయిన పాయింట్లకు బదులు, మూడేళ్ళుగా ఆయన నీలం కార్డులో చావకుండా కూడబెట్టిన పాయింట్లు అవి. ఎవరివి వాళ్ళ పేరున అప్పజెప్పేశాడు.

అబ్బాయి వాళ్ళకు ఇదేమీ తెలియదు కదా. వాళ్ళ మేనత్త అందరికీ వినబడేలా, "మేనమామ సదివింపు ఏదమ్మా? ఇంకా రానే లేదే" అంది. గుసగుసలు మొదలయ్యాయి. నా పక్కనున్న మదనపల్లె అత్త తల దించేసింది. పొద్దుటి చీర సంగతి చెబుదామని నేను నోరు తెరిస్తే, పెళ్ళికూతురు మాట్లాడకూడదని అమ్మ నా చెయ్యి నొక్కింది. మామ చేతిరుమాలుతో మొహం తుడుచుకుంటూ మెట్లు దిగుతున్నాడు.

అప్పుడు పెద్దమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పులతో మెల్లగా వేదిక ఎక్కి, చిన్నాన్న చేతిలోంచి మైకు లాక్కుంది. మా ఇంటి ఆడవాళ్ళెవరూ అంతకుముందు మైకు పట్టి ఎరగరు.

"నా పేరు మొదట సదివినారు. నేనేమీ ఇయ్యలేదు" అంది. "నేను ఫ్రిజ్జుకి దుడ్లిచ్చినా, ఫ్రిజ్జు నా ఇంటికొచ్చింది. ఆడికి సరిపోయింది. పొద్దున మేనమామ సీర పెట్టింది వాడే, ఇప్పుడీ గ్రైండరు తెచ్చిందీ వాడే. దీన్ని మా తమ్ముడి పేరు మీద మళ్ళా సదవండి."

మామ చివరి మెట్టు మీద ఆగిపోయాడు. పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది. మైకు ఇంకా నోటి దగ్గరే ఉన్న సంగతి ఆవిడకు తెలియదు.

"ఒరే అబ్బోడా, అన్నం తిన్నావా?"

మూడేళ్ళ తర్వాత ఆవిడ తమ్ముడితో అన్న మొదటి మాటను మండపం అంతా విన్నది.  మామ చిన్నపిల్లాడిలా లేదని తల ఊపాడు. ఆవిడ దిగి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని భోజనాల వైపు నడిచింది. మైకు రెండో చేతిలోనే ఉంది, దాని తీగ వెనకాలే వస్తోంది, తీగ తెగిపోతుందని చిన్నాన్న చుట్ట విప్పుకుంటూ వాళ్ళ వెంట పరుగెడుతున్నాడు. "యాల ఇట్ల సిక్కిపోయినావురా" అంటున్న ఆవిడ మాటలు, బయట రోడ్డు మీద బస్సు కోసం నిలబడిన వాళ్ళ దాకా వినిపిస్తూనే ఉన్నాయి.