మూడో గుంజ దగ్గర నక్షత్రం

మా వియ్యంకుడు పోయారు. జనవరి చివర్లో ఒక మంగళవారం పొద్దున ఏడింటికి మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, మామయ్య నిద్రలోనే..." అని ఆగిపోయింది. వెంటనే నా నోట వచ్చిన మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "నా పేజీ మీద ఆయన ఇంకా సంతకం పెట్టలేదు కదమ్మా" అన్నాను.

సంతాప సభలో ఆయన్ని అజాతశత్రువు అన్నారు. అమెరికాలో మా రెడ్‌మండ్ తెలుగువాళ్ల సభల్లో పోయినవాళ్లందరూ అజాతశత్రువులే. ఆయనకు కనీసం ఒక శత్రువున్నాడు. మొదటి వరసలో కూర్చుని ఇదంతా విన్నాడు. మైకు పట్టుకున్నవాళ్లలో ఇద్దరు, ఆయనా నేనూ సముద్రంలో దిగే రబ్బరు సూట్లు కార్లో సర్దుకుంటుంటే "ఈ వయసులో అవసరమా అంకుల్" అని నవ్వినవాళ్లే. వాళ్లకు తెలియని మనిషి గురించి రాస్తున్నాను.

మా పేచీ పెళ్లినాడే మొదలైంది. మగపెళ్లివారి విడిదికి నేనే దగ్గరుండి కాఫీ పట్టించుకెళ్లాను. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, "చల్లారిపోయింది బావగారూ" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. కానీ మావాళ్లంతా విన్నారు. ఆయన బాయిలర్ల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. వేడి విషయంలో ఆయనతో వాదించలేం. అందుకని మనసులో పెట్టుకున్నాను.

పిల్లల కోసం ఇద్దరం ఈ దేశం వచ్చాక కూడా మా మధ్య ఆ కాఫీ అలాగే ఉంది. ఆయన కొడుకింట్లో ఉండేవారు. నేను అల్లుడింట్లో ఉండనని పది నిమిషాల దూరంలో ఒక చిన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. అల్లుడు స్కూబా డైవింగ్ క్లాసు బుక్ చేసుకుని ఆఫీసు పనిలో పడి వెళ్లలేకపోతే, ఆయన డాక్టరు దగ్గర కాగితం రాయించుకుని కొడుకు బదులు తను వెళ్లారు. వచ్చి నాతో, "మీరు దిగరులెండి. మీది సీసాల జువాలజీ" అన్నారు. ముప్పై ఏళ్లు కాలేజీలో ఫార్మలిన్ సీసాలు చూపించి సముద్రజీవుల పాఠం చెప్పినవాణ్ని. నక్షత్రచేపల మీద దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ని. బతికున్నదాన్ని ఒక్కదాన్నీ చూడలేదన్నది నిజమే. అది ఆయన నోట వినడం భరించలేక నేనూ చేరాను.

ఇక్కడి సముద్రం ఏడాది పొడవునా ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్లే. ఒళ్లు తడవకుండా డ్రై సూట్ వేసుకోవాలి. దాని జిప్ వీపు మీద ఈ భుజం నుంచి ఆ భుజం దాకా ఉంటుంది. ఎవరిది వాళ్లు వేసుకోలేరు. కాబట్టి ప్రతి శనివారం నా శత్రువుకి నా వీపు అప్పగించాల్సి వచ్చేది. ఆయన జిప్ లాగి, ఈ చివర నుంచి ఆ చివర దాకా బొటనవేలితో తడిమి, వెంట్రుకంత సందు కూడా లేదని తేలాక భుజం మీద రెండుసార్లు తట్టేవారు. "పదండి. ఇప్పుడు మీలోకి నీళ్లు రావు, మీలో ఉన్నది బయటికీ రాదు."

ఒడ్డున మూడు మాటలకో తగువు. కింద నోట్లో గాలిగొట్టం ఉంటుంది కాబట్టి తగువు లేదు. పాత రేవు గుంజల మీద అనిమోనీలనే తెల్లటి పువ్వుల్లాంటి జీవులు కాలీఫ్లవర్ తోటలా విరబూసి ఉండేవి. ఇసుకలో సముద్ర దోసకాయలనే ఎర్రటి జీవులు ఒళ్లంతా ముళ్లతో పాకేవి. చలికాలంలో లింగ్‌కాడ్ అనే చేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఉడికిన సగ్గుబియ్యం ముద్దలా ఉంటాయి. వాటిని కాపలా కాసేది తండ్రి. వారాల తరబడి కదలడు, దగ్గరికెళితే మీదికొస్తాడు. మొదటిసారి చూసినప్పుడు ఆయన తన గుండె మీద ఒకసారి, నా గుండె మీద ఒకసారి వేలితో పొడిచి చూపించారు. నాకు తెలిసి ఆయన చేసిన ఒకే ఒక్క ఉపమానం అది.

పైకొచ్చి వణుకుతుంటే ఫ్లాస్కు తీసి ముందు నాకే పోసేవారు. "వేడిగా ఉందా బావగారూ?"

"విడిదిలోకన్నా వేడిగానే ఉంది."

"అక్కడా మీరు వేడిగానే ఉన్నారు. కాఫీయే చల్లారింది."

నాలుగేళ్ల కిందట మూడో గుంజ అడుగున నాకు సన్‌ఫ్లవర్ స్టార్ కనిపించింది. ఇరవై దాకా చేతులుండే పెద్ద నక్షత్రచేప. ఒకప్పుడు ఈ నీళ్లలో ఎక్కడ చూసినా ఉండేదట. చేతులు కరిగిపోయే రోగమొచ్చి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నేను చూసింది అరచేతంత ఉంది. ఆయన్ని పిలిచేలోగా రాతి కిందికి పోయింది. ప్రతి డైవ్ తర్వాత ఏం చూశామో పుస్తకంలో రాసుకుని, జతగా దిగినవాళ్లతో సంతకం పెట్టించుకోవడం ఇక్కడి ఆనవాయితీ. నేను గర్వంగా రాసి పుస్తకం ఆయన ముందు పెట్టాను.

ఆయన చదివి మూసేశారు. "నేను చూడలేదు. లోపలికి దూరి చూడకుండా ఒక్క బాయిలర్‌కీ సంతకం పెట్టలేదు నేను."

"ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, నాకు తెలియదా?"

"తెలుసు కాబట్టే కనిపించిందేమో. ఆ ఒక్క లైనూ కొట్టేయండి, పెడతాను."

నేను కొట్టేయలేదు. ఆయన పెట్టలేదు. దావత్‌లలో, పుట్టినరోజుల్లో, అందరి ముందూ ఆయన్ని ఆ విషయం మీద దెప్పాను. అనుమానం మనిషి అన్నాను. ఆయన పప్పు కలుపుకుంటూ ఉండేవారు.

అప్పట్నుంచీ ఆయనకో అలవాటు పట్టుకుంది. ఎప్పుడు దిగినా మూడో గుంజ దగ్గర ఆగిపోయేవారు. చలికి నా వేళ్లు కొయ్యబారిపోయేవి. ఏం చూస్తున్నారని సైగ చేస్తే చెయ్యి ఊపేసేవారు. ఆయనకి దమ్ము చాలడం లేదనుకున్నాను. కాస్త సంతోషించాను కూడా.

నవంబరులో నా చెవి పొర చిరిగింది. మూడు నెలలు నీళ్లలో దిగొద్దన్నాడు డాక్టరు. ఆయన డైవింగ్ క్లబ్బులోని ఒక రిటైర్డ్ ఫైర్‌మన్‌తో దిగడం మొదలుపెట్టారు.

పదకొండో రోజు కార్యక్రమాలయ్యాక మా అమ్మాయి ఆయన పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. తెలుగులో, ఇన్‌స్పెక్టరు గుండ్రటి రాత. ఆ తగువు నాటి నుంచీ ప్రతి పేజీలో చివరి లైను ఒకటే. "మూడో గుంజ. బావగారి నక్షత్రం. లేదు." నాలుగేళ్ల శనివారాలు అలాగే ఉన్నాయి, నేను చదవకుండా పెట్టేసిన సంతకాలతో. ఆఖరి పేజీలో మాత్రం, "మూడో గుంజ. ఉంది. నారింజ రంగు. చేతులు లెక్కపెట్టాను, పదహారు" అని ఉంది. కింద సంతకం చోటు ఖాళీ.

"ఆ ఫైర్‌మన్ ముందుకెళ్లిపోయాడట నాన్నా. సంతకం పెడతానని అతనంటే, నువ్వు చూడలేదు కదా అని మామయ్యే వద్దన్నారట."

"నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అడిగాను. మీ నాన్న చెవి బాగవనీ, ఇద్దరం కలిసి చూస్తాం, రెండు పుస్తకాల్లోనూ ఒకేసారి సంతకాలు పెట్టుకుంటాం అన్నారు. నీకు చెప్తే చెవి సంగతి మర్చిపోయి దూకేస్తావని భయం."

ఆ రోజంతా పెన్ను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆయన చూశారని నాకు తెలుసు. ప్రపంచంలో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. అయినా నేను చూడలేదు. పెన్ను మూత పెట్టేశాను. ఆయన మీద నాలుగేళ్లు మోసిన కోపం ఎక్కడ దింపానో తెలియదుగానీ, ఆ సాయంత్రం అన్నం హాయిగా తిన్నాను. ఇప్పుడు రెండు పుస్తకాలూ నా అరలో పక్కపక్కనే ఉన్నాయి, ఒక్కోదాంట్లో ఒక్కో ఖాళీతో.

డాక్టరు సరేనన్నాక పోయిన శనివారం దిగాను. అల్లుడు ఎట్టకేలకు కోర్సు పూర్తి చేశాడు. నా జిప్ ఒక్క లాగు లాగి, "డన్ మామయ్యా" అన్నాడు.

"డన్ కాదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడుము. మీ నాన్న అలాగే చూసేవారు."

తడిమాడు. చాలాసేపు తడిమాడు.

మూడో గుంజ దగ్గర నక్షత్రం లేదు. రాతి పక్కన సగ్గుబియ్యం ముద్దల మీద లింగ్‌కాడ్ తండ్రి ఒంటరిగా పడుకుని, రెక్కలతో గుడ్లకు నెమ్మదిగా నీళ్లు విసురుతున్నాడు. టార్చి పక్కకు తిప్పి, రాతి కింద చీకట్లోకి చూస్తూ ఉండిపోయాను. వేళ్లు కొయ్యబారాయి. ఏం చూస్తున్నారని అల్లుడు సైగ చేశాడు.

చెయ్యి ఊపేశాను.