దేవుడి వాటా గుడ్డ

ఆ వీధి దర్జీకి పదోవంతు అని పేరు పడింది. ఆయన చెవికది బిరుదులా వినిపించేది. రాబడిలో పదోవంతు చర్చికి ఇవ్వందే కాఫీ కూడా తాగనని ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. కొట్టు వెనక గదిలో కాజాలు కుట్టేది మొగుడు పోయిన ఆయన అక్క. తిండి పెడుతున్నాడు కాబట్టి కూలి ఊసెత్తేవాడు కాదు. ఇలాంటి భక్తుణ్ణి చూస్తే ఒళ్లు మండుతుంది.

ఏడాదిగా అక్కకు దగ్గరా దూరమూ ఒకటే మసక. సూదిలో దారం ఎక్కదు, కాజాలు వంకర పోతున్నాయి. పని పోతే కూడు కూడా పోతుందని ఆమెకు తెలుసు.

"తమ్ముడూ, కళ్లద్దాలు కొనిపెట్టరా. చూపు ఆనట్లేదు."

"ముందు దేవుడి వాటా అక్కా. మిగిలితే చూద్దాం."

ఆ కొట్లో మిగిలేది గుడ్డ ఒక్కటే. ఎవరు ఏ గుడ్డ తెచ్చినా అందులో జానెడో బెత్తెడో మాయమయ్యేది. "గుడ్డ చాల్లేదండీ, చేతులు పొట్టిగా వచ్చాయి" అని తొణక్కుండా చెప్పేవాడు. కాజేసిన ఆ ముక్కల్లోనూ పదోవంతు తీసి విడిగా మూట కట్టేవాడు మహానుభావుడు. ఏళ్లుగా పోగైన వాటిని అతికి ప్రసంగ వేదికకు తెర కుట్టాడు. అంచు మాత్రం అక్క చేతులతో తడుముకుంటూ కుట్టింది.

ఆదివారం పాస్టరుగారు ఆ తెర చూపించి, దశమభాగమంటే ఇదీ అన్నారు. అంత గుడ్డ ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆయనా అడగలేదు. దర్జీ తల వంచుకుని పొగడ్తంతా జుర్రుకున్నాడు. కళ్లు చికిలిస్తున్న అక్కను చూసి పక్కనున్న నర్సు తన అద్దాలు తీసిచ్చింది.

అక్క తెరంతా తేరిపార చూసింది.

"ఆ నీలం గళ్లది మీ అబ్బాయి చొక్కా గుడ్డ కదమ్మా" అంది నర్సుతో, గొంతు తగ్గించకుండా. "చుక్కలది టీచరమ్మ జాకెట్టు. దాని పక్కది పాస్టరుగారి ప్యాంటు."

పాస్టరుగారు చీలమండల పైనే ఆగిపోయిన తన ప్యాంటు వంక చూసుకున్నారు. చర్చిలో అందరూ ఎవరి చేతులు వాళ్లు చూసుకోవడం మొదలుపెట్టారు.

దర్జీ వంగి అక్క చెవిలో అన్నాడు. "ఊరుకో అక్కా. రేపే అద్దాలు కొనిపెడతా."

"ముందు వీళ్ల వాటా ఇచ్చెయ్యరా" అంది అక్క అందరికీ వినబడేలా. "మిగిలితే చూద్దాం."