పొలుసుల ముక్క

మొన్న బుకిట్ పంజాంగ్‌లో రైలు దిగి నడుస్తుంటే, చైనా మూలికల దుకాణంలోంచి మాడిన బెరడూ పాత బెల్లమూ కలిసినట్టుండే వాసన ముక్కుకు తగిలి, ఐటీ ఉద్యోగాలు పుట్టగొడుగుల్లా మొలిచిన ఆ రోజుల్లోకి నన్ను ఈడ్చుకుపోయింది. మన వయసు వాళ్ళకు వేరే చెప్పాలా, ఈ పరాయి దేశంలో నలుగురేసి ఒక ఫ్లాట్‌లో, ఒకే బాత్రూముతో, వేళాపాళా లేని తిండితో నెట్టుకొచ్చినవాళ్ళమే కదా.

ఆ తిండికి నా పొట్ట బిగుసుకుపోయింది. వేలితో తడితే మృదంగం పలికేది. కింది ఫ్లాట్ తమిళ మామి కచేరీ ఎవరిదని అడిగిందంటే నమ్మండి. సోమవారం సైన్స్ పార్కులో క్లయింటుకు నా ప్రోగ్రాము నడిపి చూపించాలి. అది గట్టెక్కితేనే కాంట్రాక్టు పొడిగింపు, లేకపోతే ఇంటిదారి. నేనేమో కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

చివరికి ఇలాంటి మూలికల దుకాణానికే వెళితే, అక్కడి చైనా తాత నా నాలుక చూసి, నాడి పట్టి, పొట్లం కట్టిచ్చాడు. ఇంటికొచ్చి పేపరు మీద పోస్తే, బెరళ్ళూ గింజలూ సరే, పొలుసులున్న నల్లటి ముక్కలూ కనబడ్డాయి. నేను శాకాహారిని, మా హైదరాబాదీ రూమ్మేటు హలాల్ కానిది ముట్టడు. ఇద్దరం తలలు ఆనించి సోదా మొదలుపెట్టాం.

"పక్కా పామే పంతులూ, పొలుసులు కనిపిస్తలేవా?" అన్నాడు వాడు.

ఆ ముక్కలన్నీ ఏరి పారేసి, మిగిలింది కాచి తాగాను. పొట్టలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆదివారం తాతను నిలదీయబోతే ఆయనే తల పట్టుకున్నాడు.

"అయ్యో, దట్ వన్ ప్లాంట్ లా! మెయిన్ మెడిసిన్, యూ త్రో అవే?"

ఎడారి మొక్క కాడట! ఇంకో పొట్లం తెచ్చి ముక్కలతో సహా కాచాం గానీ, నాకు నమ్మకం కుదరలేదు. పామును అమ్మేవాడు పామని చెప్పి అమ్ముతాడా?

"గింత అనుమానమైతే ఎట్ల మియా? తాత మంచోడు, చూడు," అంటూ, ఏ జబ్బూ లేని మా రూమ్మేటు బిస్మిల్లా అనుకుని సగం గ్లాసు గటగటా తాగేశాడు. ఇక నాకూ తప్పలేదు.

తెల్లారేసరికి ఇద్దరమూ ఒకేసారి బాత్రూము తలుపు దగ్గర తేలాం. "నీకు డెమో ఉంది, నువ్వు పో," అని నన్ను లోపలికి తోసి, లుంగీ ఎగ్గట్టి, కిందున్న తిండికొట్ల హాకర్ సెంటర్‌లోని మరుగుదొడ్డికి వాడు పరిగెత్తిన వేగానికి లిఫ్టే వెనకబడింది. డెమో గట్టెక్కింది, ఈ ఊళ్ళో నేను మిగిలాను.

ఇప్పుడు మందు సీసా మీద లోపల ఏమేమున్నాయో అన్నీ అచ్చువేసి ఉంటాయి. కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదువుతాను, అయినా అనుమానం పోదు. అప్పట్లో చదవడానికి ఏమీ ఉండేది కాదు. ఎదురుగా కూర్చున్నవాడు ముందు ఓ గుక్క తాగితే చాలేది.